నైరుతి మూల తలుపు

పత్రికలో పనిచేసినన్నాళ్లూ నేను రాసిన అగ్నిప్రమాదాల వార్తలన్నిటిలోనూ నిందితుడు ఒక్కడే. వాడి పేరు షార్ట్ సర్క్యూట్. 'షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు' అని చివర ఒక వాక్యం తగిలిస్తే వార్త పూర్తయ్యేది. ఎవరు భావిస్తున్నారని డెస్కులో ఎవరూ అడిగేవారు కాదు. అంత అనుకూలమైన నిందితుడు ఇంకొకడు దొరకడు. వాడికి వకీలు లేడు, బంధువర్గం లేదు, ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. ఖండన పంపడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి నిలదీయడు. నేరం వాడి మీద మోపితే బిల్డింగ్ ఓనరు ఊపిరి పీల్చుకుంటాడు, అంగడి బాడుగకు తీసుకున్నవాడూ ఊపిరి పీల్చుకుంటాడు.

ఈ నిందితుణ్ణి ఎవరెవరు అన్నం పెట్టి పెంచుతారో నేను దగ్గరగా చూసింది మాత్రం ఉద్యోగం వదిలేశాకే.

తిరుపతిలో బస్టాండుకూ రైల్వే స్టేషన్‌కూ మధ్య ఉన్న సందుల్లో ఒక చిన్న మిద్దె ఉంది. దాన్ని కాంప్లెక్సు అని పిలిచేది దాని ఓనరు ఒక్కడే. కింద ఒక అంగడి, పైన ఒక అంగడి. కింద దేవుడి పటాలకు ఫ్రేములు కట్టి అమ్ముతారు. ఆ పటాలాయన మా వీధివాడే. ఉదయం పత్రికలన్నీ ఆయన అంగట్లోనే చదవడం, టీ తాగడం నాకు అలవాటైపోయింది. పైన లేడీస్ టైలరింగ్. నడిపేది చిత్తూరు నుంచి వచ్చిన ఒకామె. ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. ఆమెకు తోడు ఆమె అక్క. అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తుంది. పొద్దున ఒకసారి చెల్లెలి భుజం పట్టుకుని మెట్లెక్కితే మళ్లీ సాయంత్రం దిగడమే. మధ్యలో హుక్కులు కుట్టడం, చీరలకు ఫాల్స్ వేయడం, కిందికి వినపడేటట్టు అందరినీ వెక్కిరించడం ఆమె పనులు.

పైకి వెళ్లే మెట్లు ముందు వైపు, ఆగ్నేయ మూలలో ఉన్నాయి. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లు, ఫ్యూజులు, ఎవరు ఎప్పుడు కలిపారో తెలియని వైర్లు. ఆ మెట్లు కాక వెనక నైరుతి మూలలో పై అంతస్తుకు ఒక తలుపూ, అక్కడి నుంచి కాలువ సందులోకి దిగే సిమెంటు మెట్లూ ఉన్నాయి. ప్లాను గీసిన ఇంజనీరు పెట్టించినవి. ఆ తలుపుకు కొబ్బరికాయంత బీగం వేలాడుతుండేది.

ఓనరు పాకాల దగ్గర పల్లెలో ఉంటాడు. మామిడి తోటలున్న కుటుంబం. పెద్దమనిషి. నెలకోసారి రైల్లో వచ్చి, బాడుగ తీసుకుని, పటాల అంగట్లో కాసేపు కూర్చుని, సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు. బీగం కథ ఆయనే చెప్పాడు.

"సిద్ధాంతి సూడంగానే చెప్పినాడబ్బా. నైరుతిలో తలుపు పెడితే లక్ష్మి ఆ దోవనే దిగి పోతాదని. అబ్బుటికబ్బుడు బీగం ఏసినా. ఆ ఏడు తోతాపురి ధర ఎట్ల లేసిందో నువ్వే గదా పేపర్లో రాసినావు?"

రాశాను, నిజమే. దిగుబడి తగ్గిందనీ, పల్ప్ ఫ్యాక్టరీలు పోటీపడి కొన్నాయనీ రాశాను. తిరుపతి సందులో ఒక తలుపు మూతపడిందన్న సమాచారం నాకు అప్పటికి అందలేదు.

తర్వాతి ఏడు ధర పడిపోయింది. మార్కెట్ యార్డుల ముందు కాయ ట్రాక్టర్లలోనే మగ్గింది. ఓనరు రైలు దిగి నేరుగా పైకి వెళ్లి, బీగం పట్టుకుని రెండు చేతులతో గుంజి చూశాడు. తర్వాత టైలరమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈ తలుపేమన్నా తెరిసినారా?"

"బీగంచెవి మీ మొలతాడుకు గదా ఉండాది పెద్దాయనా. నేనెట్ల తెరుస్తా?"

"మరి ధర ఎట్ల పడింది?"

టైలరమ్మ మిషను తొక్కడం ఆపి ఆయన్ను చూసింది. జవాబు మాత్రం అక్క చెప్పింది. "సీలిక ఉండాది సామీ తలుపుకు. దాంట్లోంచి దూరిపోయినట్టుండాది మీ లక్ష్మి. సన్నగా ఉండాదేమో."

ఓనరు ఆ మాటను వెక్కిరింతగా తీసుకోలేదు. తర్వాతి నెల సిమెంటు తెచ్చి చీలిక పూడ్పించాడు.

ఇంతలో మా సందుకు దగ్గర్లోనే ఇంకో వీధిలో ఒక గుడ్డలంగడి కాలిపోయింది. మనుషులకేమీ కాలేదు గానీ వీధంతా మసి. దాంతో అధికారులకు మెలకువ వచ్చి సందు సందుకూ తిరిగారు. మా మిద్దెకు వచ్చిన అధికారి ఓపికైన మనిషి. మీటరు బోర్డు చూశాడు, వెనక మెట్లు చూశాడు, బీగం చూశాడు. మంటలార్పే సిలిండరు పెట్టాలనీ, రెండో దారి ఎప్పుడూ తెరిచి ఉండాలనీ చెప్పి, "దీనికి ఓనరూ, బాడుగకున్నవాళ్లూ, అందరూ బాధ్యులే" అని నొక్కి చెప్పి వెళ్లాడు. ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. అందరూ బాధ్యులే అని తెలియగానే ఓనరు ఆ బాధ్యతను బాడుగవాళ్లకూ, బాడుగవాళ్లు ఓనరుకూ అప్పజెప్పి నిశ్చింతగా పనిలో పడ్డారు.

సిలిండరు మాత్రం వచ్చింది, నోటీసు పటాలాయన చేతికిచ్చారు కాబట్టి. ఎర్రగా, కొత్తగా, అంగడి మధ్యలో నిలబెట్టిన ఆ వస్తువును ఏ మూల పెట్టాలన్న దగ్గర పేచీ మొదలైంది. ఓనరు ఫోన్లో ఉన్నాడు. పటాలాయన అందరికీ వినపడేటట్టు స్పీకర్ పెట్టాడు.

"ఆగ్నేయంలో పెట్టప్పా. అగ్గికి సంబంధించింది అగ్నిమూలలోనే ఉండల్ల."

"ఇది అగ్గి కాదు గదన్నా, అగ్గిని ఆర్పేది. దీన్ని అగ్నిమూలలో పెడితే నా యాపారం సల్లారిపోతాది."

"అయితే ఈశాన్యంలో పెట్టు."

"ఈశాన్యంలో ఎర్రది పెట్టగూడదంట."

పైనుంచి అక్క గొంతు వినిపించింది. "నడీదిలో పెట్టండప్పా. ఎవురికీ దోషం రాదు. బస్సెక్కేవాళ్లు కాలు సాపుకోని కూసుంటారు."

సిద్ధాంతిని అడిగారు. ఆయన తీర్పు ఓనరు పక్షమే వచ్చింది. ఆగ్నేయంలో ఉన్నది మెట్ల కింద మీటరు బోర్డు. దాని పైన మేకు కొట్టి సిలిండరును వేలాడదీశారు. బోర్డు అంటుకుంటే ఆ మంటలోంచి చెయ్యి పెట్టి మంటనార్పే వస్తువును అందుకోవాలి. ఈ మాట నేను అన్నాను. పటాలాయన నా వైపు జాలిగా చూసి, "అట్ల చెడ్డగా ఎందుకాలోచిస్తావన్నా?" అన్నాడు.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. మా ఊళ్లో ఆ రోజు ఇనుముతో చేసిన ప్రతి వస్తువుకూ బొట్టు పడుతుంది. కత్తెర, మిషను, బైకు, కంప్యూటరు, ఏదీ తప్పించుకోలేదు. పటాలాయన భక్తిపరుడు. సిలిండరుకు గంధం పూసి, కుంకుమ పెట్టి, పిడికి కొత్త పసుపు గుడ్డ చుట్టి, బంతిపూల దండ వేశాడు. దండ జారిపోతున్నదని పటాలు తగిలించే సన్నని తీగతో దండనూ, గుడ్డనూ, పిడినీ, పిన్నునూ కలిపి గట్టిగా బిగించాడు. పటాల పని నేర్చిన చెయ్యి కదా, ముడి ముచ్చటగా పడింది. ఆ తర్వాత ఆ మెట్ల దగ్గర చెప్పులు వేసుకుని నిలబడటానికి కూడా జనం మొహమాటపడ్డారు.

టైలరమ్మకు మాత్రం అధికారి చెప్పిన ఇంకో మాట మనసులో ఉండిపోయింది. రెండో దారి. ఆ నెల ఓనరు రాగానే ఆమె కిందికి దిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"పెద్దాయనా, ఎనక తలుపు బీగం తీసేయండి."

"ఏంటికమ్మా? గాలాడలేదా? ఫ్యానుండాది గదా."

"గాలికి కాదు. అగ్గి పడితే బయటికి పొయ్యేదానికి."

"మంగళారం పూట అవేం మాటలమ్మా!"

"నేనైతే కిటికీలోంచి దూకతా. కాలిరిగినా అతికించుకుంటా. మా అక్క యాడ దూకుతాది?"

ఓనరు తలెత్తి పైకి చూశాడు. ఆయన చెడ్డవాడు కాడు. అక్కను చూస్తే నిజంగానే జాలిపడేవాడు, తోటలో కాయ కోసినప్పుడు ఆమెకని వేరుగా ఒక సంచిలో పండ్లు తెచ్చేవాడు. బీగంచెవి ఇవ్వడం ఒక్కటే ఆయన వల్ల కానిది.

"అగ్గే పడిందనుకో. నాకొక ఫోన్ కొట్టు. నేనొచ్చి తెరస్తా."

"మీరు పాకాల నుంచి రావల్ల."

"పాకాల ఏమన్నా ఢిల్లీలో ఉండాదా? రైలెక్కితే వచ్చేస్తా."

పైనుంచి అక్క: "చంద్రగిరి కాడ రైలు సిగ్నల్‌కు ఆగితే అగ్గిని కూడా అంతదాకా ఆగమని చెప్తాంలే సామీ!"

పటాలాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఓనరు నవ్వలేదు, న్యాయంలోకి దిగాడు. "సూడమ్మా, గోడలు నావి. గోడలకేమన్నా అయితే నన్నడుగు. లోపల అగ్గి వస్తే అది మీది. ఇస్త్రీ పెట్టి మీది, గుడ్డలు మీవి."

"మెట్ల కింద బోర్డు ఎవురిది?"

"బోర్డు నాది. దాంట్లో కరెంటు వాడేది మీరు."

"ఆ వైర్లు?"

"కరెంటోళ్లవి."

అగ్ని అంటూ పుడితే దానికి ఆ మిద్దెలో నిలువ నీడ లేదని అర్థమైంది. టైలరమ్మ పటాలాయన వైపు తిరిగింది, సాయం మాట చెబుతాడేమోనని. ఆయన గొంతు సవరించుకున్నాడు. "తలుపు తెరిసిపెడితే దొంగలొస్తారమ్మా. నీ మంచికే చెప్తాండా."

దొంగల సంగతి అటుంచి, వెనక మెట్ల మీద రేకుల కప్పు ఉంది. వాన పడదు. ఏళ్ల తరబడి ఆ మెట్లే పటాలాయన గోడౌను. ప్లైవుడ్డు పలకలు, ఫ్రేముల కట్టలు, అద్దాలు బిగించి అమ్మకానికి సిద్ధంగా ఉన్న దేవుళ్లు మెట్టు మెట్టుకూ కొలువై ఉంటారు. తలుపు తెరిస్తే అవన్నీ తీయాలి.

"మీ ప్లైవుడ్డు దాటుకోని వచ్చే దొంగ ఉంటే చెప్పప్పా, వానికి ఊరికే సొక్కా కుట్టిస్తా" అంది టైలరమ్మ.

చివరికి ఆమె నన్ను పట్టుకుంది. "సార్, మీరన్నా చెప్పండి." చెప్పాను. నాకు తెలిసిన కాలిపోయిన అంగళ్ల కథలు, మూసిన తలుపుల వెనక ఏం జరిగిందో, మెల్లగా చెప్పాను. ఓనరు మర్యాదగా విన్నాడు. కాఫీ తెప్పించాడు. "మీ పేపర్లో ఎబ్బుడు సూసినా షార్ట్ సర్క్యూట్ అనే రాస్తారు గదా సార్? మూసిన తలుపు కారణమని ఒక్కసారన్నా రాసినారా?" అన్నాడు. నేను కాఫీ తాగాను.

ఇంకో బీగంచెవి చేయించి టైలరమ్మకు ఇవ్వమంటే, బీగంచెవి ఇంకొకరి చేతికిస్తే లక్ష్మిని ఇచ్చినట్టేనన్నాడు. అంతటితో ఆ నెల చర్చ ముగిసింది. ఆ తర్వాత ప్రతి నెలా టైలరమ్మ దిగి వచ్చి అదే అడిగేది, ఆయన అదే చెప్పేవాడు. వింటూ వింటూ పటాలాయనకు ఇద్దరి మాటలూ కంఠతా వచ్చేశాయి.

ఎండలు ముదిరాయి. పెళ్లిళ్ల కాలం, పైన జాకెట్ల గుట్టలు. ఒక మధ్యాహ్నం నేను పత్రిక ముఖం మీద కప్పుకోబోతున్నాను, రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"ఎవురో టైర్లు కాల్చతాండారు" అన్నాడు పటాలాయన కళ్లు మూసుకునే.

టైర్లు కాదు. బోర్డులోంచి చిటపటమని నిప్పురవ్వలు లేచి, దాని మీద వేలాడుతున్న ఎండిపోయిన బంతిపూల దండకు అంటుకున్నాయి. పసుపు గుడ్డ భగ్గుమంది. ఆ మిద్దెలో మొట్టమొదట కాలిన వస్తువు మంటలార్పే సిలిండరు. దండ తెగి, మండుతూ, మెట్ల కింద పోగుపడ్డ ఫ్రేము ముక్కల మీద పడింది.

పటాలాయన ఎగిరి లేచాడు. పిరికివాడు కాడు. సిలిండరు వైపు దూకి, దాని దగ్గరికి వెళ్లగానే ఆగి, చెప్పులు విడిచాడు. విడిచి చెయ్యి చాపాడు. పిన్ను లాగితే రాదు, తీగ ముడి అట్లాంటిది. గంధం ఎండి పిడికి పట్టేసింది. చెయ్యి కాలి "అబ్బా" అని వెనక్కి వస్తే నేను చొక్కా పట్టి బయటికి లాగాను. ఎదురు చెరుకురసం బండాయన పక్కన మిద్దె కడుతున్నవాళ్లు పోసిన కుప్ప నుంచి బుట్టలతో ఇసుక తెచ్చి పోయడం మొదలుపెట్టాడు. ఎవరో కరెంటాఫీసుకు ఫోన్ చేస్తున్నారు. పొగ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. పొగగొట్టంలాంటి ఇరుకు మెట్ల దారి ఉంది కదా, నేరుగా పైకి వెళ్లింది.

పై కిటికీలో టైలరమ్మ ముఖం కనపడింది. "సార్, మెట్లు కనపడలా! అక్క ఉండాది!"

నేనూ పటాలాయనా పక్క సందులోంచి వెనక్కి పరుగెత్తాం. పైన తలుపును లోపలి నుంచి దేంతోనో మోదుతున్నారు. కింద మా ముందు మెట్లు లేవు, ప్లైవుడ్డు ఉంది. లాగడం మొదలుపెట్టాం. పటాలాయన ఒక చేత్తో పలకలు లాగుతూనే "మెల్లగా అన్నా, అద్దాలు, అద్దాలు!" అంటున్నాడు. అలవాటు నోటికి ఉంటుంది, మనిషిని తప్పు పట్టలేం.

టైలరమ్మ ఆ లోపల మొదట చేసిన పని తర్వాత మాకు చెప్పింది. ఓనరుకు ఫోన్ చేసింది. ఆయన వెంటనే ఎత్తాడు. ఎంతో కంగారుపడి, "బయల్దేరినానమ్మా, టేషనుకే పోతాండా, ధైర్యంగా ఉండు" అన్నాడు. మాట తప్పలేదు, నిజంగానే స్టేషనుకు వెళ్లాడు. ఈమె ఫోన్ పెట్టేసి, మూలనున్న పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టెను తీసుకుని తలుపును మోదింది.

బీగం రాలేదు. అది ఓనరు పాకాలలో ఏరి కొన్న బీగం. కానీ రెండో వైపు బందులు పట్టుకున్న చెక్క చెదలు పట్టి పుచ్చిపోయి ఉంది. నాలుగు దెబ్బలు పడ్డాక అది వదిలేసింది. తలుపు బందుల వైపు నుంచి తెరుచుకుని, బీగానికి కాసేపు వేలాడి, గొళ్లెంతో సహా ఊడి దేవుళ్ల మీద పడింది. లోపలి నుంచి పొగ, పొగలోంచి టైలరమ్మ, ఆమె వీపు మీద అక్క.

దిగాలంటే పటాల మీదుగా దిగాలి. టైలరమ్మ కాలితో జరుపుతున్నది, చేత్తో తీసి పక్కకు విసురుతున్నది. అద్దాలు పగులుతున్నాయి. వీపు మీద అక్క దగ్గుతూ, రెండు చేతులూ వదిలేసి చెంపలేసుకుంటున్నది. "తప్పయింది సామీ! తప్పయింది తల్లీ! ఈమె తొక్కతాండాది, నేను కాదు!"

"నన్ను పట్టుకోమ్మే, పడతావ్!" అని అరిచింది చెల్లెలు.

కింద చివరి పలక పటాలాయనే ఎత్తి పక్కకు గిరాటేశాడు, అద్దముందో లేదో చూడకుండా. ఇద్దరూ కాలువ గట్టు మీద కూలబడ్డారు. టైలరమ్మ పాదం కోసుకుపోయి నెత్తురు కారుతున్నది. ఆమె దాన్ని చూసుకోలేదు, అక్క కాళ్లు తడిమి చూస్తున్నది. రెండు కాళ్లూ.

ఫైరింజన్ వచ్చింది. సందు మొగలోనే బైకులు అడ్డం ఉండి లోపలికి రాలేకపోయింది. సిబ్బంది గొట్టం భుజాన వేసుకుని పరుగెత్తి వచ్చారు, కానీ ఇసుకకే మంట చాలావరకు అణిగిపోయింది. వాళ్లలో పెద్దాయన వెనక్కి వచ్చి గాజు పెంకులూ, ప్లైవుడ్డూ, పడిపోయిన తలుపూ చూసి, "ఈ మెట్లు ఎవరివి?" అని అడిగాడు. పటాలాయన చెయ్యి ఊదుకుంటున్నాడు.

సాయంత్రం ఓనరు దిగాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. అక్కను చూసి చేతులెత్తి దండం పెట్టాడు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తర్వాత తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి వెళ్లాడు. కాసేపటికి పైనుంచి కేక. "తలుపేదీ?"

తలుపు కాలువ గట్టున ఉంది. దానికే వేలాడుతున్న బీగాన్ని చేతిలోకి తీసుకుని, మసి తుడిచి, అందరికీ చూపించాడు. "సూడండి, నా బీగానికి ఏమీ కాలా."

మర్నాడు పత్రికలో చిన్న వార్త. ముందు రాత్రే, ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన విలేకరి ఒకతను ఫోన్ చేస్తే దండ సంగతీ, తీగ సంగతీ, మూసిన తలుపు సంగతీ, మెట్ల మీద పలకల సంగతీ అన్నీ చెప్పాను. అతను శ్రద్ధగా విని, "బాగుంది సార్, కానీ స్థలం లేదు" అన్నాడు. నిందితుడి పేరు చెప్పనవసరం లేదు.

వారం తిరిగాక పంచాయతీ జరిగింది. పటాల అంగట్లోనే. ఓనరు బోర్డు కొత్తది పెట్టించాడు, వైర్లు మార్పించాడు, అది ఒప్పుకోవాలి. కానీ తలుపు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా కూర్చున్నాడు.

"పగలగొట్టింది నువ్వు. పెట్టించాల్సింది నువ్వు. న్యాయంగా చెప్పు."

"నేను పెట్టించను" అంది టైలరమ్మ.

"అయితే నేను పెట్టిస్తా. వడ్లాయన్ను రేపే పంపిస్తా."

"పంపించండి. తలుపు దొరికితే పెట్టమనండి."

వడ్లాయన ఉలీ, రంపం పట్టుకుని వచ్చాడు. నేనూ వెనకే ఎక్కాను, చూడాలని. తలుపు రెక్క పైనే ఉంది. రెండు స్టాండ్ల మీద పరిచి, పైన దుప్పటి వేసి, టైలరమ్మ దాని మీద గుడ్డలు కోస్తున్నది. అప్పటికే దాని నిండా సుద్దముక్క గీతలు. తలుపు ఉండాల్సిన ఖాళీలో కుర్చీ వేసుకుని అక్క ఫాల్స్ కుడుతున్నది. వడ్లాయన బల్ల వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"ఏమ్మా, కొంచెం జరగతావా? కొలత తీసుకోవల్ల."

"జరగలేనబ్బా. కాలు రాదు నాకు" అంది అక్క తల ఎత్తకుండా. "గాలి బాగుండాది ఈడ."

వడ్లాయన కిందికి దిగి ఓనరుకు ఫోన్ చేశాడు. ఓనరు సిద్ధాంతికి ఫోన్ చేశాడు. రెక్క లేనప్పుడు అది తలుపు కిందికి రాదనీ, రాకపోకలకు కంత మాత్రమే కాబట్టి దోషం సగానికి సగం తగ్గుతుందనీ సిద్ధాంతి చెప్పాడట. ఇన్నేళ్లూ ఈ వెసులుబాటు శాస్త్రంలో ఎక్కడ దాక్కుందో తెలియదు. మిగిలిన సగం దోషానికి ఓనరు షరతు పెట్టాడు. ఈ ఏడు కాయ ధర పడితే అంగడి ఖాళీ చేయాలి.

"చేస్తాంలే సామీ" అంది అక్క. "సామాన్లన్నీ ఈ మెట్ల మీదనే దించతాం. ఎనకనే మీ లక్ష్మి కూడా దిగుతాదేమో సూసుకోండి."

ఇప్పుడు సాయంత్రం అక్క ఆ మెట్ల మీదే దిగుతుంది, చెల్లెలి భుజం లేకుండా, గోడ పట్టుకుని, కర్ర ఒక్కో మెట్టు మీద పెట్టి. పటాలాయన చెయ్యి మానింది. చెయ్యి మానేసరికి ప్లైవుడ్డు మళ్లీ మెల్లగా మెట్లెక్కడం మొదలుపెట్టింది. మొదట ఒక పలక, "ఈ ఒక్క రోజుకే". తర్వాత దానికి తోడుగా ఒక కట్ట. నిన్న సాయంత్రం నేను అంగట్లో ఉండగా వెనక నుంచి చెక్క మీద కర్ర కొట్టిన చప్పుడు వచ్చింది.

"ఏమప్పా, ఏందిది దోవలో?"

"ఒక్క నిమిషం అక్కా, గిరాకీ ఉండాది."

గిరాకీ అంటే కొండ దిగి వచ్చిన ఒక కుటుంబం. తల్లి పెద్ద పటం ఒకటి చేతిలో పట్టుకుని బేరం చేస్తున్నది.

"నాకేం తొందర లేదులేప్పా" అంది అక్క వెనక నుంచి. గొంతు పెంచింది. "అమ్మా, ఆ పటం కొనేవాళ్లూ! ఎలుతురులోకి తెచ్చి సూసుకోండి. అగ్గిలో కాగిన అద్దాలు కొన్ని అట్లనే ఉండాయి. ఎనక మసి తుడిసిందీ లేనిదీ సూడండి!"

ఆ తల్లి పటాన్ని తిప్పి వెనక వైపు చూడబోయింది. పటాలాయన రెండు చేతులూ జోడించి, "ఒక్క నిమిషం తల్లీ" అని వెనక్కి పరుగెత్తాడు. పలకలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు వినపడింది.